ఇసుక కొండల్లో ఈతల కాలం: ఒక రాంచ్ డైరీ

ఫిబ్రవరి 24

ఈ ఏడు ఆవుల ఈతలు పాత పద్ధతిలో జరపకూడదని ఇంట్లో అందరం ఒప్పుకున్నాం. పోయిన ఏప్రిల్‌లో దూడలకు పారుడు రోగం వచ్చి వరసగా పడకేశాయి. మొదట్లో పుట్టినవి బాగానే ఉన్నాయి. చివర్లో పుట్టినవాటికే ఎక్కువగా తగిలింది. మందులు, నోటి ద్వారా పట్టే లవణాల నీళ్లు, రాత్రి కాపలాలు అన్నీ చేశాక కూడా కొన్ని దక్కలేదు.

మేముండేది అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం, చెర్రీ కౌంటీ. వైశాల్యం 15 వేల చదరపు కిలోమీటర్లకు పైనే. 2020 లెక్కల ప్రకారం జనం మాత్రం ఐదున్నర వేలకు లోపు. ఈ ప్రాంతాన్ని శాండ్‌హిల్స్ అంటారు. పేరుకు తగ్గట్టు అంతా ఇసుక దిబ్బలే. పశ్చిమార్ధగోళంలో ఇంతకంటే పెద్ద ఇసుక దిబ్బల ప్రాంతం లేదు. కానీ ఎడారి కాదు, దిబ్బలన్నిటినీ గడ్డి కప్పేసింది. కింద ఒగల్లాలా అనే భూగర్భ జలాశయం ఉంది, నీళ్లకు కొదవ లేదు. ఆ గడ్డి వేళ్లు పట్టుకుని ఉన్నంత కాలమే ఇసుక కదలకుండా ఉంటుంది. అందుకే ఇక్కడ దున్నరు, పశువుల్నే మేపుతారు. మా మామగారి కుటుంబం కూడా తరాలుగా అదే చేస్తోంది. మావి బ్లాక్ అంగస్ ఆవులు, పాల కోసం కాదు, మాంసం కోసం పెంచే మంద. మందను కదిలించడానికి క్వార్టర్ హార్స్ జాతి గుర్రాలు ఉన్నాయి.

ఈసారి చేయబోయేది శాండ్‌హిల్స్ పద్ధతి. 2000ల తొలినాళ్లలో నెబ్రాస్కా విశ్వవిద్యాలయం పశువైద్యులు ఈ ప్రాంతపు రాంచ్‌లతో, అంటే పెద్ద పశువుల క్షేత్రాలతో కలిసి దీన్ని రూపొందించారు. పారుడు రోగాన్ని తెచ్చేవి రోటావైరస్, కరోనావైరస్, కొన్ని రకాల ఈ.కోలై, క్రిప్టోస్పోరిడియం అనే క్రిములు. ఇవి ఎక్కడి నుంచో ఊడిపడవు. ఆరోగ్యంగా ఉన్న తల్లి ఆవుల పేగుల్లోనే కొద్దికొద్దిగా ఉంటాయి. ముందు పుట్టిన దూడకు ఆ కొద్దిపాటి క్రిములు తగులుతాయి. దానికి పెద్దగా ఏమీ కాకపోవచ్చు, కానీ దాని పేడలో అవి కోట్లకు కోట్లు పెరిగి నేల మీద పడతాయి. వారం తర్వాత అదే నేల మీద పుట్టిన దూడ ఆ బురదలోనే పడుకుంటుంది, ఆ బురద అంటిన పొదుగునే చీకుతుంది. ఇలా ఒక్కో దూడా తర్వాతి దూడకు క్రిముల మోతాదు పెంచుకుంటూ పోతుంది. చివర పుట్టినవాటికే ఎందుకు ఎక్కువ వచ్చిందో ఇప్పుడు అర్థమవుతుంది.

కాబట్టి చేయాల్సింది పెద్ద దూడల్ని, కొత్తగా పుట్టే దూడల్ని ఒకే నేల మీద ఉంచకపోవడం. మొదటి బీడులో రెండు వారాలు ఈతలు జరగనివ్వాలి. తర్వాత ఈనినవాటిని దూడలతో సహా అక్కడే వదిలేసి, ఇంకా ఈనని చూడి ఆవుల్ని మాత్రం కొత్త బీడుకు తోలాలి. ఆ పైన వారానికో బీడు. ఒక్కో బీడులో ఉన్న దూడలన్నీ ఇంచుమించు ఒకే వయసువి అవుతాయి. ప్రతి గుంపూ శుభ్రమైన నేల మీద పుడుతుంది. అన్నిట్లోకీ చిన్న దూడకు నాలుగు వారాలు నిండాకే గుంపుల్ని కలపాలి.

కాగితం మీద చాలా తేలిక. అసలు పనంతా కంచెలు, నీళ్లు.

మార్చి 2

బీళ్లు నాలుగు ఖాయం చేశాం. పోయిన వేసవి నుంచి వాటిలో పశువు అడుగు పెట్టలేదు. మూడో బీడులో గాలిమర తిరుగుతోంది కానీ తొట్టిలోకి నీళ్లు రావడం లేదు. మామగారు చక్రం వైపు ఒకసారి చూసి, కింద తోలు వాషర్లు పోయాయన్నారు. మా ప్రకాశం జిల్లాలో బోరింగు పంపుకి వాషర్లు మార్చే పనే ఇదీను. ముందు చక్రాన్ని గాలికి పక్కగా తిప్పి బ్రేకు వేశాం. టవరు పైన కప్పీ కట్టి, లోపలి కడ్డీలను పికప్‌తో మెల్లగా పైకి లాగుతూ ఒక్కో జాయింటూ విప్పాం. చివర్లో వచ్చిన వాషర్లు కాగితంలా పలచబడిపోయి ఉన్నాయి. కొత్త తోలు వాషర్లను నానబెట్టి బిగించి, మళ్లీ దించాం. ఎలాగూ ఎక్కాం కదా అని మా ఆయన పైన గేరుపెట్టెలో నూనె కూడా మార్చాడు. ఇది ఏర్‌మోటర్ వాళ్ల గాలిమర. 1888లో చికాగోలో మొదలైన కంపెనీ అది. గేర్లు నూనెలో మునిగి తిరుగుతాయి కాబట్టి ఏడాదికోసారి నూనె మారిస్తే చాలు.

నాలుగో బీడులో సోలార్ పంపు ఉంది, దానితో ఇబ్బంది లేదు. కంచె మాత్రం రెండో బీడుకీ మూడో బీడుకీ మధ్య సరిగా లేదు. దేవదారు గుంజలు కొన్ని నేల దగ్గర కుళ్లిపోయాయి. వాటి స్థానంలో ఇనుప గుంజలు దిగ్గొట్టి, ముళ్ల తీగ నాలుగు వరసలూ బిగిస్తున్నాం. ఇసుక నేలలో గుంజ సులువుగా దిగుతుంది, అంతే సులువుగా వంగిపోతుంది కూడా. మూల గుంజలకు అడ్డ దుంగ, ఏటవాలు తీగ కట్టకపోతే ఎంత బిగించినా నెలకే సాగుతుంది.

మార్చి 9

తొలిచూలు పెయ్యలు మొదలుపెట్టాయి. వీటిని పెద్ద ఆవుల కంటే ముందే ఈనేలా చూసుకుంటాం, కొట్టం పక్కన విడిగా ఉంచుతాం. రాత్రంతా వంతులవారీగా వెళ్లి చూడాలి. మేత సాయంత్రం పొద్దుగూకే వేళ వేస్తున్నాం. కెనడాలోని మానిటోబా రైతు ఒకాయన గమనించి చెప్పిన కిటుకు ఇది. మేత రాత్రివేళకు జరిపితే ఎక్కువ ఆవులు పగటిపూట ఈనుతాయి. మా దగ్గర కూడా తేడా బాగానే కనిపిస్తోంది. అయినా రాత్రి ఈనేవి ఉండనే ఉంటాయి.

నిన్న రాత్రి ఒక పెయ్యకు ఉమ్మనీటి తిత్తి పగిలి గంట దాటింది. ఒక గిట్ట, మోర మాత్రమే కనిపిస్తున్నాయి. మామూలుగా అయితే రెండు ముందుకాళ్లు, వాటి మీద ఆనించుకున్న తల రావాలి. ఒక కాలు వెనక్కి మడిచిపోయింది. ఇంట్లో అందరిలోకీ నా చెయ్యి చిన్నది కాబట్టి ఈ పని నాకే వస్తుంది. మోచేతి పైదాకా కడుక్కుని, జారుడు మందు రాసుకుని, నొప్పి ఆగిన వేళ దూడ తలను లోపలికి నెట్టాను. బలవంతంగా లాగితే ఇద్దరికీ ప్రమాదం. చోటు దొరికాక మడిచిన గిట్టను అరచేతిలో మూసి పట్టుకుని పైకి తిప్పుకొచ్చాను. అరచెయ్యి అడ్డం ఉంచకపోతే గిట్ట మొన గర్భసంచిని చీల్చేస్తుంది. రెండు కాళ్లకూ చీలమండ పైన గొలుసు వేసి, కింద ఇంకో చుట్టు చుట్టి, పెయ్య ముక్కినప్పుడల్లా లాగాం. ఒక కాలు, తర్వాత రెండోది, అలా మార్చి మార్చి, తోక వైపు కాదు, కిందికి.

దూడ పడ్డాక ఊపిరి తీయలేదు. ముక్కులో గడ్డిపరక పెట్టి కదిపితే తుమ్మింది. దాన్ని రొమ్ము మీద కూర్చోబెట్టేసరికి తల్లి లేచి నాకడం మొదలుపెట్టింది. మొదటిసారి ఈనిన పెయ్య కొన్నిసార్లు దూడను చూసి బెదిరిపోతుంది. ఇది బెదరలేదు. అక్కడే నిలబడి చూస్తుంటే నాకు కళ్లు చెమర్చాయి.

బొడ్డుకు అయోడిన్, చెవికి ట్యాగు. ఈసారి ట్యాగు రంగు బీడును బట్టి. మొదటి బీడుకు పసుపు, రెండో దానికి తెలుపు, అలా. దూరం నుంచి చూడగానే ఏ గుంపుదో తెలిసిపోవాలి.

మార్చి 14

నాన్న ఫోన్ చేశాడు. అన్ని ఆవులు ఈనుతున్నాయని విని, “ఏమ్మా, జున్ను చేసుకున్నారా?” అని అడిగాడు. లేదన్నాను. ఇక్కడ ఎవరూ తాగడానికి పాలు పితకరు. జున్నుపాలు చుక్క కూడా మిగలకుండా దూడకే వెళ్లాలి. దూడ పుట్టేటప్పుడు దాని రక్తంలో రోగనిరోధక శక్తి ఇంచుమించు ఉండదు, అదంతా జున్నుపాల నుంచే రావాలి. మొదటి కొన్ని గంటల్లో పేగులు దాన్ని బాగా పీల్చుకుంటాయి, రోజు గడిచేసరికి ఆ దారి మూసుకుపోతుంది. అందుకే దూడ లేచి పొదుగు పట్టుకునేదాకా మేం కదలం.

నాన్నకు ఎప్పుడూ అనుమానమే, ఈ మూపురం లేని నల్ల ఆవులు ఏం ఆవులని. ఆయన ఒంగోలు గిత్తలతో పెరిగిన మనిషి. ఒంగోలు జాతి సముద్రాలు దాటి బ్రెజిల్‌లో నెలోరే పేరుతో ఎంత పెద్ద మందలుగా పెరిగిందో ఆయనకు తెలుసు. అమెరికాలో దక్షిణాన, గల్ఫ్ తీరపు వేడికి పెంచే బ్రాహ్మన్ జాతిలో కూడా మన ఒంగోలు రక్తం ఉంది. కానీ ఈ చలికి అవి ఆగవు. ఇక్కడికి మందపాటి వెంట్రుకలున్న అంగస్సే సరి.

మార్చి 20

పెద్ద ఆవులు మొదటి బీడులో ఈనడం మొదలైంది. గుర్రాలకు కూడా పని మొదలైంది. చలికాలమంతా మేసి బలిసి ఉన్నాయి, ఒళ్లు మెత్తబడి ఉంది. మొదటి రోజే ఎక్కువసేపు ఎక్కితే నడుము పట్టీ దగ్గర పుండ్లు పడతాయి. అందుకే రోజుకి కాస్త కాస్త పెంచుతున్నాం. దువ్వెన పెడితే చలి వెంట్రుకలు కుప్పలుగా రాలుతున్నాయి. గిట్టలు చెక్కడం అయింది. ఇసుక నేల కాబట్టి మావాటికి నాడాలు వేయం.

పికప్, ఏటీవీ అనే నాలుగు చక్రాల చిన్న బండి ఉన్నాయి కదా, గుర్రాలెందుకని మా చుట్టాలు అడుగుతుంటారు. ఇంజను చప్పుడుకు తల్లి ఆవు పరుగెత్తుతుంది, దూడ వెనక పడిపోతుంది. గుర్రం మీద అయితే మంద మధ్యలో నుంచి నడుచుకుంటూ పోయినా ఆవులు నెమరు ఆపవు. ఈ ఏడు చేస్తున్న పనికి అది చాలా అవసరం. ఈనినవాటి మధ్య నుంచి చూడి ఆవుల్ని ఒక్కొక్కటిగా విడదీయాలి.

ఏప్రిల్ 2

టెన్షన్. రేపు రాత్రి మంచు తుఫాను అంటున్నారు. తడి మంచు, గంటకు 80 కిలోమీటర్ల గాలి. 2019 మార్చి మధ్యలో వచ్చిన ‘బాంబ్ సైక్లోన్’ను ఇక్కడ ఎవరూ మరచిపోలేదు. అప్పుడు నెబ్రాస్కాలో వరదలు, మంచు కలిసి వచ్చాయి, నయోబ్రారా నది మీద స్పెన్సర్ డ్యామ్ తెగిపోయింది. దూడలు చాలా చచ్చిపోయాయి.

మామగారి మాట: అన్నిటినీ ఇంటి దగ్గర దొడ్డిలోకి తోలేద్దాం, గాలికి అడ్డుగోడ ఉంది. ఆయన చెప్పిందాంట్లో తప్పులేదు, ఎన్నో తుఫాన్లలో అలాగే కాపాడుకున్నారు. కానీ అన్ని వయసుల దూడల్నీ ఒకే దొడ్డిలో, తడి గడ్డి మీద, గుంపుగా రెండు రోజులు ఉంచామంటే పారుడు రోగాన్ని మనమే పిలిచినట్టు. రాత్రి భోజనాల దగ్గర గట్టిగానే వాదించుకున్నాం. చివరికి అత్తగారు తేల్చారు: ఎలాగూ రేపో ఎల్లుండో చూడి ఆవుల్ని రెండో బీడుకు తోలాలి కదా, అదేదో తెల్లారగానే తోలేయండి. రెండో బీడులో ఉత్తర వాలున దేవదారు చెట్ల వరస ఉంది, దాని కింద కొండ మడత ఉంది. మొదటి బీడులో దూడలున్న ఆవులకు ఇనుప చట్రాల మీద చెక్కలు బిగించిన అడ్డుగోడల్ని ట్రాక్టరుతో ఈడ్చుకెళ్లి పెడదాం.

ఏప్రిల్ 3

పొద్దున్నే బయల్దేరాం. ముందు మామగారు పికప్‌లో, వెనకాల దాణా బిళ్లలు జల్లుకుంటూ. ఆ బండి హారన్ వింటే చూడి ఆవులు వాటంతట అవే వెంటపడతాయి. నేను, మా ఆయన గుర్రాల మీద పక్కలకు. దూడలున్న తల్లులు కూడా దాణా కోసం వచ్చాయి, గేటు దగ్గర వాటిని వెనక్కి మళ్లించడమే అసలు పని. నా గుర్రం ముసలిది. ఆవు తల తిప్పకముందే ఎటు వెళ్తుందో దానికి తెలుస్తుంది, నేను జీనులో నిలకడగా కూర్చుంటే చాలు. మధ్యాహ్నానికి గేటు మూశాం.

ఏప్రిల్ 5

తుఫాను వెళ్లిపోయింది. నిన్న పొద్దున రెండో బీడులో ఒక దూడ మంచులోనే పుట్టి, తల్లి నాకేలోపే చలికి కొయ్యబారిపోయింది. నోట్లో వేలు పెడితే చల్లగా ఉంది, చీకలేదు. ఆసనంలో థర్మామీటరు పెడితే 33 డిగ్రీలు. దూడకు మామూలుగా 38న్నర పైన ఉండాలి. పికప్‌లో హీటరు కింద పడుకోబెట్టి ఇంటికి తెచ్చాం. స్నానాల తొట్టిలో గోరువెచ్చని నీళ్లు పోసి, తల పైకి పట్టుకుని, చల్లారిన కొద్దీ వేడినీళ్లు కలుపుతూ కూర్చున్నాం. ఒంట్లోకి వేడి వచ్చాక తువ్వాళ్లతో బాగా తుడిచి, ఆరబెట్టి, అప్పుడు గొట్టంతో జున్నుపాలు పట్టాం. పోయినసారి దాచి ఫ్రీజర్‌లో పెట్టినవి. కరిగించేటప్పుడు మైక్రోవేవ్‌లో ఎక్కువ వేడి చేస్తే అందులోని మంచి గుణమంతా పోతుంది, గోరువెచ్చని నీళ్లలో పెట్టి మెల్లగా కరిగించాలి. సాయంత్రానికి దూడ వంటింటి నేల మీద నిలబడింది. తల్లి దగ్గరికి తీసుకెళ్తే వాసన చూసి దగ్గరికి తీసుకుంది.

మొదటి బీడులో ఒకటి దక్కలేదు. చెక్కల గోడకు దూరంగా, లోయలో పడుకుండిపోయింది.

ఏప్రిల్ 13

పసుపు ట్యాగు దూడ ఒకటి పారుతోంది. పలచగా, పసుపు తెలుపు కలిసిన రంగు. కళ్లు లోపలికి పోయాయి. చర్మాన్ని పట్టి వదిలితే మెల్లగా వెనక్కి వెళ్తోంది, అంటే ఒంట్లో నీళ్లు తగ్గాయి. తల్లినీ దాన్నీ కలిపి వేరే కొట్టంలోకి మార్చాం. రోజుకి రెండుసార్లు లవణాల నీళ్లు, మధ్యలో తల్లి పాలు. పాలు ఆపకూడదు, దూడకు శక్తి అక్కడి నుంచే రావాలి. దాని దగ్గరికి అన్ని పనులూ అయ్యాక చివర్లోనే వెళ్తున్నాను. ఆ బూట్లు, కోటు విడిగా పెట్టుకున్నాను. క్రిప్టోస్పోరిడియం అయితే మనుషులకు కూడా అంటుకుంటుంది, అందుకని పాపను కొట్టం ఛాయలకు రానివ్వడం లేదు.

రెండో బీడు చుట్టూ రోజూ తిరుగుతున్నాను. తెల్ల ట్యాగుల తోకలన్నీ శుభ్రంగా ఉన్నాయి.

ఏప్రిల్ 19

మూడో బీడుకు తోలడం 10న, నాలుగో దానికి 17న అయ్యాయి. ఎండుగడ్డిని రోజూ కొత్త చోట పరుస్తున్నాం, ఒకే చోట వేస్తే అక్కడే బురద, పేడ చేరుతాయి.

గుర్రం ఈనింది. సుమారు 340 రోజులు మోస్తుంది ఆడ గుర్రం. రెండు రోజుల కిందటే చన్నుల చివర మైనంలా పూసింది, అప్పటి నుంచి కనిపెట్టుకునే ఉన్నాం. ఆవు అయితే గంటా రెండు గంటలు పడుతుంది. గుర్రానికి నొప్పులు గట్టిపడ్డాక అరగంటలో అయిపోతుంది, ఏదైనా తేడా వస్తే ఆలోచించుకునే వ్యవధి ఉండదు. ఆడపిల్ల, గోధుమ రంగు, నుదుట తెల్ల మచ్చ. ఇక్కడ అందరూ చెప్పే లెక్క: గంటలో లేవాలి, రెండు గంటల్లో పాలు తాగాలి, మూడు గంటల్లో తల్లికి మాయ పడాలి. లేవడానికి నాలుగుసార్లు పడింది కానీ గంట దాటలేదు. మాయను గడ్డి మీద పరిచి, చిరుగులేమైనా ఉన్నాయా, ముక్క ఏదైనా లోపల ఉండిపోయిందా అని అత్తగారు టార్చి వేసి చూశారు. ఆడ గుర్రాల విషయంలో ఆమె మాటే చివరి మాట. ముక్క లోపల ఉండిపోతే గిట్టల దాకా జబ్బు పాకుతుందని నాకు నేర్పింది ఆమే.

మే 6

పారిన పసుపు ట్యాగు దూడ కోలుకుంది. దాని గుంపులో ఇంకా కొన్నిటికి పలచగా అయింది కానీ కాళ్ల మీద నిలబడే తగ్గించుకున్నాయి. మూడో, నాలుగో బీళ్లలో ఒక్కదానికీ రాలేదు. పోయిన ఏడాది ఈపాటికి ఫ్రిజ్ నిండా మందు సీసాలుండేవి. మామగారు నాలుగో బీడు గేటు మీద చేతులానించి చాలాసేపు దూడల్ని చూస్తూ నిలబడ్డారు. ఇంటికొచ్చాక, ఐదో బీడు కంచెకు ఎంత తీగ కావాలో లెక్క కట్టమన్నారు.

మే 24

మొదటి మూడు గుంపులకు బ్రాండింగ్, అంటే కాల్చిన ఇనుముతో ముద్ర వేయడం. చుట్టుపక్కల రాంచ్‌ల వాళ్లంతా గుర్రాలతో వచ్చారు. కూలి ఉండదు, మేం వాళ్లకు వెళ్తాం, వాళ్లు మాకు వస్తారు. గుర్రం మీది మనిషి తాడు విసిరి దూడ వెనక కాళ్లు పట్టి ఈడ్చుకొస్తాడు, ఇద్దరు పట్టుకుంటారు. జబ్బవాపు లాంటి రోగాలకు టీకా, కోడెదూడలకు విత్తులు తీయడం, ముద్ర. నెబ్రాస్కా పశ్చిమ భాగంలో ముద్ర చూసే పశువు ఎవరిదో తేలుస్తారు, అమ్మేటప్పుడు రాష్ట్ర ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తాడు. దూడకు నొప్పి ఉంటుంది, లేదని అనను. అందుకే చెయ్యి తిరిగినవాళ్లు ఇనుము పట్టుకోవాలి, క్షణాల్లో అయిపోవాలి, దూడ వెంటనే తల్లి దగ్గరికి పోవాలి. మా పొరుగువాళ్లు అలాంటివాళ్లే.

మధ్యాహ్నం భోజనాలకు అత్తగారి బీన్స్, రొట్టెలతో పాటు నేను పెద్ద గిన్నెడు పులిహోర కలిపాను. ఇంగువ దొరక్క లేకుండానే చేశాను. మొత్తం ఊడ్చుకుపోయింది.

జూన్ 3

ఆఖరి గుంపులో చిన్న దూడకు నాలుగు వారాలు నిండాయి. గేట్లు తీశాం, గుంపులన్నీ కలిశాయి. వేసవి గడ్డి మోకాలి దాకా లేస్తోంది.

ఆంబోతుల్ని జూన్ 10న మందలోకి వదులుతాం. ఆవు సగటున 283 రోజులు మోస్తుంది కాబట్టి మళ్లీ మార్చి 20కి ఈతలు. మా ఆయన మాత్రం ఆగస్టు 1 దాకా ఆపుదామంటున్నాడు, అప్పుడు మే రెండో వారంలో, మంచు పోయి పచ్చగడ్డి వచ్చాక ఈనుతాయి. శాండ్‌హిల్స్‌లో అలా మారిన రాంచ్‌లు ఉన్నాయి. కానీ రెండు నెలలు చిన్నవైన దూడలు శరదృతువు అమ్మకాల నాటికి అంత బరువు తూగవు, మా ఇంటి ఆదాయం అక్కడే ఉంది. నా ఓటు ఈ ఏటికి జూన్ 10కే. ముందు ఈ పద్ధతిని ఇంకో వసంతం చూడాలి, ఒక్క ఏడాది ఫలితంతో రెండు మార్పులు చేస్తే దేనివల్ల ఏం జరిగిందో తెలియదు. ఐదో బీడుకు ఇనుప గుంజలు, తీగ ఆర్డరు పెట్టాను. సోమవారం వస్తాయి.